బాలలు చూడదగిన చిత్రమేది?

సంక్రాంతి సెలవులు వచ్చినవి. సినిమాహాలు గోడమీద కత్తులు, రథములు, మంటలు గల పెద్ద పటము వెలసినది. ఎనిమిదవ తరగతి చదువుచున్న బాలునకు ఆ చిత్రమును చూడవలెనని కోరిక. ఆరేండ్ల చెల్లెలు తానును వత్తునని మారాము చేయుచున్నది. “ప్రభుత్వమువారు అనుమతించిన చిత్రమే కదా, చూచినచో తప్పేమి?” అని తండ్రి యనును. “పాప రాత్రి నిద్రలో ఉలికిపడును” అని తల్లి యనును. పండుగనాడు కొత్త చిత్రము చూచుట తెలుగువారికి పిండివంటలవలె అలవాటైనది. కావున ఇట్టి వాదము జరుగని ఇల్లు అరుదు. పోరాటములు గల చిత్రము బాలలకు తగినదా, కాదా యని నిర్ణయింపవలసినవారెవరు? ఏ కొలతతో నిర్ణయింపవలెను?

పోరాటపు కథలు బాలలకు కొత్తవి కావు. భీముడు దుశ్శాసనుని రొమ్ము చీల్చిన కథను, నరసింహుడు హిరణ్యకశిపుని సంహరించిన కథను తెలుగు బాలలు తరతరములుగా వినుచునే యున్నారు. తోలుబొమ్మలాటలోను, వీధినాటకములోను, బుర్రకథలోను యుద్ధములు కలవు. అయినను ఒక భేదము గమనింపదగినది. కథ చెప్పు అమ్మమ్మ మనుమరాలి ముఖము చూచుచు చెప్పును. బిడ్డ కన్నులలో భయము తోచినంతనే గొంతు తగ్గించును. నరసింహుని కోపమును త్వరగా దాటించి, ప్రహ్లాదుని ఆయన ఒడిలో కూర్చుండబెట్టును. బిడ్డ పెద్దదైన పిమ్మట అదే కథను మరికొంత విపులముగా చెప్పును. చలనచిత్రమునకు ఆ చూపు లేదు. తన యెదుట కూర్చున్నది ఆరేండ్ల పాపయో, అరువదేండ్ల వృద్ధుడో దానికి తెలియదు. అందరికిని ఒకే దృశ్యమును, ఒకే శబ్దముతో, ఒకే వేగముతో చూపును.

ఈ లోపమును కొంతవరకు తీర్చుటకు చట్టము ఏర్పడినది. 1952 నాటి సినిమాటోగ్రాఫు చట్టము ననుసరించి, ప్రతి చిత్రమును ప్రదర్శనమునకు ముందు ఒక మండలి పరిశీలించి యోగ్యతాపత్రము నొసగును. ‘యు’ అనగా అందరును చూడదగినది. ‘ఎ’ అనగా 18 ఏండ్లు నిండినవారు మాత్రమే చూడదగినది. ఈ రెంటికిని నడుమ 1983లో ‘యు/ఎ’ అను తరగతి వచ్చినది. 12 ఏండ్ల లోపు బాలల విషయమున తల్లిదండ్రులు ఆలోచించుకొనవలెనని దాని భావము. 2023లో చట్టమును సవరించి, ఆ నడిమి తరగతిని 7, 13, 16 ఏండ్లు అను మూడు మెట్లుగా విభజించిరి. ‘ఎ’ చిత్రమునకు బాలలను రానీయకుండుట హాలువారి బాధ్యత. నడిమి మెట్లు మాత్రము తల్లిదండ్రులకు సూచనలే. వానిని పాటించు భారము వారిదే. కావున తండ్రి చెప్పిన మాటలో సగమే నిజము. ఆ పత్రము ఇంటి పెద్దల నిర్ణయమునకు బదులు కాదు. ఆలోచించి నిర్ణయించుడని వారికి చేసిన హెచ్చరిక.

ఈ నిర్ణయము ఎంత చిక్కైనదో ఒక్క ఉదాహరణమువలన తెలియగలదు. 2017లో విడుదలయైన ‘బాహుబలి’ రెండవ భాగమునకు మన దేశమున ‘యు/ఎ’ పత్రము లభించినది. పెద్దలు సమ్మతించినచో ఏ వయస్సు బాలలైనను దానిని చూడవచ్చును. అదే చిత్రమును 16 ఏండ్లు నిండనివారు చూడరాదని సింగపూరులో నిర్ణయింపబడినది. చిత్రమొక్కటే; తీర్పులు రెండు. ఎవరు పొరపడిరని వాదించుటకంటె, ఈ విషయము ఒక్క అంకెతో తేలునది కాదని గ్రహించుట మేలు.

దెబ్బలను లెక్కించినంత మాత్రమున చిత్రము యొక్క మంచిచెడ్డలు తెలియవు. దెబ్బ ఎవరు కొట్టిరి, ఏల కొట్టిరి, దాని ఫలమేమి, ఆ బాధను చిత్రము గౌరవించెనా లేక నవ్వులాటగా చేసెనా అను ప్రశ్నలే ముఖ్యము. 2015లో వచ్చిన ‘బాహుబలి’ మొదటి భాగములో కాలకేయులతో యుద్ధము కలదు. శత్రువులు తాము చెరపట్టిన మాహిష్మతీ ప్రజలను ముందు నిలిపి, వారిని కవచముగా వాడుకొందురు. గెలుపే ముఖ్యమనుకొన్న భల్లాలదేవుడు ఆ అభాగ్యులను సైతము చంపుచు ముందునకు సాగును. బాహుబలి త్రాళ్లు విసరి వారిని నేలకు పడవేసి, వారి ప్రాణములు కాపాడి, పిమ్మట శత్రువుల నెదిరించును. కాలకేయరాజును చంపినవాడు భల్లాలదేవుడే యైనను, శివగామి బాహుబలినే రాజుగా ప్రకటించును. ఒకే యుద్ధములో, ఒకే విధమైన కత్తుల నడుమ, చంపుటకంటె కాపాడుట గొప్పదను నీతి ఇచట కలదు.

అదే కథలో మరియొక ఘట్టము వేరు విధమైనది. స్త్రీలను అవమానించిన సేతుపతి వ్రేళ్లను దేవసేన నరకును. అందులకు ఆమెను సంకెళ్లతో సభకు తెత్తురు. అపుడు బాహుబలి నిండుసభలో సేతుపతి తల నరకును. హాలు చప్పట్లతో మారుమ్రోగును. స్త్రీని అవమానించినవాడు శిక్షార్హుడనుట నిజమే. కాని విచారణ ముగియకముందే ఖడ్గమెత్తినవాడు న్యాయాధిపతి కావచ్చునా? పదమూడేండ్ల బాలుడు ఈ ప్రశ్నను వేసికొనగలడు. ఆరేండ్ల పాప వేసికొనలేదు. ఆమెకు మిగులునది తెగిన తలయు, చుట్టును మ్రోగిన చప్పట్లును మాత్రమే.

రక్తము కానరాని చోటను హాని యుండవచ్చును. కాలకేయులను నల్లనివారుగా, వికారరూపులుగా, అర్థముగాని భాష మాటాడువారుగా చిత్రించిరి. రూపమును, రంగును, భాషను చూచి శత్రువును గుర్తింపవచ్చునని పసిమనస్సు నేర్చుకొనిన, అది కత్తిగాయముకంటె లోతైన గాయము. ఏ యోగ్యతాపత్రమును దీనిని ప్రత్యేకముగా చెప్పదు. ప్రక్కన కూర్చున్న పెద్దలే చెప్పవలెను.

బాలలు చూచినదానిని అనుకరింతురనుట ఊహ కాదు. అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఆల్బర్ట్ బందూరా అను మనస్తత్వశాస్త్రవేత్త 1961లో ఒక పరీక్ష ప్రకటించెను. గాలి నింపిన పెద్దబొమ్మను ఒకరు కొట్టుచుండగా చూచిన పసివారు, తామును ఆ బొమ్మను అట్లే కొట్టిరి. వారు పలికిన మాటలనే పలికిరి. 1965లో ప్రకటించిన పరీక్షలో, కొట్టినవారికి శిక్ష కలిగినట్లు తెరమీద చూచిన బాలలు తక్కువగా అనుకరించిరి. కాని కొట్టి చూపినచో బహుమానమిత్తుమనగా, వారును ఇతరులవలెనే చేసి చూపిరి. అనగా నేర్చుకొనుట అప్పటికే జరిగినదన్నమాట. బొమ్మను కొట్టుటయు మనిషిని కొట్టుటయు ఒకటి కావు. చిత్రము చూచిన ప్రతి బాలుడును దుండగీడు కాడు. అయినను, ఫలము చూపని హింస పసివారికి తప్పుడు పాఠమగునని పెద్దలు గుర్తింపవలెను.

అట్లయిన పోరాట చిత్రములన్నిటిని బాలలకు నిషేధించుట మేలు కాదా యని కొందరందురు. అది సాధ్యమును కాదు, మంచిదియు కాదు. హాలులో వలదన్న చిత్రమును నేటి బాలుడు సెల్‌ఫోనులో ఒంటరిగా చూడగలడు. దొంగచాటుగా చూచినవానికి సందేహము తీర్చువారుండరు. పైగా సాహసము, త్యాగము, అన్యాయము నెదిరించుట అను గుణములు పోరాటపు కథలలోనే బాలల మనస్సునకు హత్తుకొనును. వానిని పూర్తిగా దూరము చేయుటవలన బాలలకు నష్టమే.

కావున పెద్దలు చేయవలసినది మూడు పనులు. చిత్రమును ముందుగా చూచుటయో, చూచినవారిని అడిగి తెలిసికొనుటయో మొదటిది. బాలలతో కలసి కూర్చుండి, భయము కలిగినచో వెలుపలికి వచ్చుటకు సిగ్గుపడకుండుట రెండవది. ఇంటికి వచ్చిన పిమ్మట ఆ కథను గురించి మాటాడుట మూడవది. ఇది అమ్మమ్మ చేసిన పనియే.

ఇందులో పెద్దబాలుర పాలును కలదు. ఎనిమిదవ తరగతి బాలుడు బిడ్డయు కాడు, పెద్దయు కాడు. తనకు తగిన చిత్రము చెల్లెలికి తగకపోవచ్చునని అతడు తెలిసికొనవలెను. ఆమె యేడ్చుచున్నదని జాలిపడి వెంట తీసికొనిపోవుట ప్రేమ కాదు. ఆ నాటికి తన కోరికను వాయిదా వేసి, ఆమెతో కలసి చూడదగిన చిత్రమునకు పోవుటయే ప్రేమ. కత్తి పట్టిన కథానాయకునకు చప్పట్లు కొట్టుట సులభము. తన ప్రక్కనున్న చిన్నదాని కన్నులలోని భయమును గుర్తించి ఆగుట కష్టము. అది నేర్చిన బాలుడే వీరకథను సరిగా చూచినవాడు.