వంటింటి కబుర్లు: తాత పళ్ళెంలోకి రెండు చాక్లెట్ బిస్కట్లు

ఇంట్లో షుగర్ జబ్బున్న పెద్దవాళ్ళుంటే వంట చేసే మనకు రోజూ పరీక్షే. పెట్టకపోతే మన మనసు ఒప్పుకోదు, పెడితే డాక్టరు గారు ఒప్పుకోరు. మా యర్రగొండపాలెంలో ఏ వీధిలో చూసినా ఇంటికొకరు మందుబిళ్ళలు మింగుతున్నవాళ్ళే కనిపిస్తున్నారు. మన దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని 2023లో భారత వైద్య పరిశోధనా మండలి సర్వే లెక్క తేల్చింది. అందుకే ఈ వారం కబుర్లు వాళ్ళ కోసం.

మా మామయ్య గారికి పన్నెండేళ్ళుగా షుగర్. మొన్న మా చిన్నదాని పుట్టినరోజుకి హైదరాబాద్ నుంచి వచ్చిన చుట్టాలు చాక్లెట్ ముక్కలు పొదిగిన బిస్కట్ల డబ్బా తెచ్చారు. అది మొదటి బిస్కట్ తీసుకెళ్ళి తాత చేతిలో పెట్టింది. అత్తమ్మ గబుక్కున లాగేసుకుని, "ఆయనకొద్దే, ఆయన తినకూడదు" అన్నారు. మామయ్య ఒక్క మాట కూడా మాట్లాడకుండా లేచి అరుగు మీదికి వెళ్ళిపోయారు. ఇంటినిండా జనం, పిల్లల కేరింతలు. ఆయన మాత్రం ఒక్కరే బయట కూర్చున్నారు. నాకు ఆ పూట అన్నం సయించలేదు.

అది చూసి మావారు టౌనుకెళ్ళినప్పుడు 'చక్కెర లేని' బిస్కట్ల పాకెట్లు నాలుగు తెచ్చారు. ఏ కంపెనీవో ఎందుకు లెండి. మామయ్య ముఖం వెలిగిపోయింది. "దీంట్లో చక్కెర లేదంట గదమ్మాయ్, ఇంక భయమేముంది!" అంటూ రోజూ సాయంత్రం టీతో ఎనిమిదీ పదీ లాగించేవారు. మేమూ ఏమీ అనలేదు.

మా వంటింట్లో గోడకు మార్కాపురం పలక ఒకటి వేలాడుతుంటుంది. మామయ్య షుగర్ అంకెలు దాని మీదే రాస్తాం. మామూలుగా తిన్న రెండు గంటలకు 160, 170 ఉండేది. రెండు వారాలు తిరిగేసరికి 248, 261 అని రాయాల్సి వచ్చింది. "మిషనే చెడిపోయుంటది" అన్నారాయన. మిషన్ చెడలేదు. మేమే పొరబడ్డాం.

పాకెట్ వెనక చిన్న అక్షరాలు అప్పుడు చదివాను. మొట్టమొదటి పేరే మైదా. పదార్థాల పట్టీలో ఏది ఎక్కువగా ఉంటే దాని పేరే ముందు రాస్తారు. చక్కెర లేకపోవచ్చు గానీ మైదా కడుపులోకి వెళ్ళాక చక్కెరగా మారేదే కదా! అలాంటి బిస్కట్ చిన్నదైనా ఒక్కోదాంట్లో ఐదు గ్రాములకు పైగానే పిండిపదార్థం ఉంటుంది. పది తింటే 50 గ్రాములు, అంటే మూడు పుల్కాలు అదనంగా తిన్నట్టే. రాత్రి భోజనం ఎటూ ఉండనే ఉంది. పైగా తీపి కోసం మాల్టిటాల్ అనే పదార్థం కలిపారు. చక్కెరంత కాకపోయినా అది కూడా షుగర్‌ను కొంత పెంచుతుంది. ఎక్కువ తింటే కడుపుబ్బరం, విరేచనాలు కూడా.

నాకు అప్పుడు అర్థమైందేమిటంటే, షుగర్ వాళ్ళకు 'ఎంతైనా తినదగ్గ బిస్కట్' అంటూ ఏదీ లేదు. లెక్కలో ఇమిడే బిస్కట్ మాత్రం ఉంటుంది. అది మన చేత్తో చేసుకుంటే ఆ లెక్క మన చేతిలోనే ఉంటుంది.

ఈ చాక్లెట్ ముక్కల బిస్కట్ అమెరికాలో పుట్టింది. మసాచుసెట్స్ రాష్ట్రంలో టోల్ హౌస్ అనే హోటల్ నడిపిన రూత్ వేక్‌ఫీల్డ్ అనే ఆవిడ 1930లలో చాక్లెట్ బిళ్ళను కత్తితో ముక్కలు కొట్టి పిండిలో కలిపి చేసింది. ఆ పేరుతో ఇప్పుడు వాడుకలో ఉన్న కొలత చూస్తే రెండుంపావు కప్పుల మైదాకు ఒకటిన్నర కప్పు పంచదార, ఆ పైన రెండు కప్పుల చాక్లెట్ ముక్కలు! మనం ఆవిడ కత్తి తీసుకుందాం, పంచదార వదిలేద్దాం. మైదా బదులు మన మెట్ట పొలాల కొర్రలు, వేరుశనగలు వాడదాం.

కొర్రల గురించి ఒక మాట. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపాక 'కొర్రలు తింటే షుగర్ రాదు' అనే మాట ఎక్కువైంది. అది నిజం కాదు. బియ్యంలో నూటికి 78 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటే, కొర్రల్లోనూ 60 గ్రాములకు పైనే ఉంటుంది. కాకపోతే పీచు ఎక్కువ, అరగడం కాస్త నిదానం. అంతవరకే దాని గొప్ప. పాలిష్ పట్టని కొర్రలైతేనే ఆ పీచు మిగులుతుంది.

కావలసిన పదార్థాలు (16 బిస్కట్లకు)

కొర్ర పిండి: 100 గ్రాములు
గోధుమపిండి: 50 గ్రాములు
వేయించి పొట్టు తీసిన వేరుశనగపప్పు పొడి: 50 గ్రాములు
ఉప్పు లేని వెన్న: 75 గ్రాములు
70 శాతం కోకో ఉన్న నల్ల చాక్లెట్: 40 గ్రాములు
స్టీవియా పొడి: నాలుగు టేబుల్ స్పూన్ల పంచదారకు సరిపడా (కొలత పాకెట్ మీద ఉంటుంది)
బేకింగ్ పౌడర్: అర టీస్పూను
యాలకుల పొడి: పావు టీస్పూను
ఉప్పు: చిటికెడు
చల్లటి పాలు: రెండు నుంచి నాలుగు టేబుల్ స్పూన్లు

తయారుచేయు విధానం

కొర్రలు కడిగి ఆరబెట్టి, దోరగా వేయించి, మరలో మెత్తగా పట్టించి జల్లించుకోండి. చాక్లెట్‌ను కాసేపు ఫ్రిజ్‌లో ఉంచి, కత్తితో శనగబద్దలంత ముక్కలు కొట్టుకోండి. బజార్లో 'చిప్స్' పేరుతో దొరికే వాటిలో చాలావరకు పంచదార, వనస్పతి కొవ్వే ఎక్కువ. కొనేముందు పట్టీ చదవండి.

ఇంట్లో తీసిన వెన్నయితే మజ్జిగ మిగలకుండా గట్టిగా పిండేయాలి. వెన్నలో స్టీవియా వేసి తెల్లగా నురగ వచ్చేదాకా గిలక్కొట్టండి. పిండ్లు, వేరుశనగ పొడి, బేకింగ్ పౌడర్, యాలకుల పొడి, ఉప్పు కలిపి జల్లించి అందులో వేయండి. పాలు కొంచెం కొంచెం చిలకరిస్తూ ముద్ద చేయండి. చపాతీ పిండిలా పిసకకూడదు, కలిస్తే చాలు. చివర్లో చాక్లెట్ ముక్కలు కలిపి, మూతపెట్టి, అరగంట ఫ్రిజ్‌లో ఉంచండి. ముద్దను 16 సమాన ఉండలు చేయండి. ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ అయితే మన లెక్కంతా తప్పుతుంది. ఒక్కోదాన్ని అరచేత్తో అర వేలు మందాన వత్తండి.

ఓవెన్ ఉన్నవాళ్ళు 170 డిగ్రీల్లో 15 నుంచి 18 నిమిషాలు ఉంచండి. లేనివాళ్ళు దిగులు పడొద్దు, నాకూ లేదు. అడుగు మందంగా ఉన్న పాత దబరలో రెండు వేళ్ళ మందాన ఇసుక పోసి, మధ్యలో స్టాండు పెట్టి, మూత వేసి, మధ్యరకం మంట మీద పది నిమిషాలు వేడెక్కనివ్వండి. వెన్న రాసిన పళ్ళెంలో ఆరేడు బిస్కట్లు ఎడంగా పేర్చి స్టాండు మీద పెట్టి, మంట బాగా తగ్గించి 20 నుంచి 25 నిమిషాలు ఉంచండి. కుక్కరు వాడితే విజిల్, గాస్కెట్ తప్పనిసరిగా తీసేయాలి.

గుర్తుంచుకోవలసినవి

పంచదార లేని బిస్కట్ తనంతట తాను పరుచుకోదు, ఎర్రగా రంగు రాదు. అందుకే ముందే పలచగా వత్తాలి. రంగు కోసం ఎదురుచూస్తే అడుగు మాడుతుంది. అంచులు గట్టిపడగానే దించేయండి. వేడి మీద మెత్తగానే ఉంటాయి, పది నిమిషాలు కదపకండి. కొర్ర పిండికి గోధుమ జిగురు లేదు గనుక తొందరపడి తీస్తే పొడి పొడి అయిపోతాయి.

తీపి పొడుల్లో కొన్నిటికి డెక్స్‌ట్రోజ్, మాల్టోడెక్స్‌ట్రిన్ కలుపుతారు. అవి షుగర్ పెంచేవే. అస్పర్టేమ్ ఉన్న పొడి వేడికి తీపి పోగొట్టుకుంటుంది. స్టీవియా దొరకకపోతే రెండు టేబుల్ స్పూన్ల పంచదార వేసుకోండి, బిస్కట్‌కు ఒకటిన్నర గ్రాము పెరుగుతుందని లెక్కలో కలుపుకోండి. 'బెల్లమైతే ఏం కాదు' అనుకోవద్దు. షుగర్ విషయంలో బెల్లమూ పంచదారా అక్కచెల్లెళ్ళే.

ఇక మన లెక్క. స్టీవియాతో చేస్తే ఒక్కో బిస్కట్‌లో సుమారు 8 గ్రాముల పిండిపదార్థం, 100 కేలరీల దాకా ఉంటాయి. రెండు తింటే ఒక చిన్న పుల్కాతో సమానం. కాబట్టి సాయంత్రం రెండు తింటే రాత్రి ఒక పుల్కా తగ్గించాలి. మందులు మాత్రం మానకూడదు.

అన్నిటికంటే ముఖ్యం ఇది. షుగర్ పడిపోయి చెమటలు పట్టి, చేతులు వణుకుతుంటే ఈ బిస్కట్ పనికిరాదు. ఇందులో చక్కెర తక్కువ, వెన్న ఎక్కువ. వెన్న అరుగుదలను ఆలస్యం చేస్తుంది. అప్పుడు మూడు టీస్పూన్ల పంచదార నీళ్ళలో కలిపి వెంటనే తాగించాలి. పావుగంట తర్వాత మళ్ళీ పరీక్ష చేసి, 70 దాటకపోతే ఇంకోసారి ఇవ్వాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. పెద్దవాళ్ళు పొలానికో బస్సుకో వెళ్ళేటప్పుడు జేబులో పంచదార పొట్లం పెట్టి పంపండి, బిస్కట్ కాదు.

మొదటిసారి ఇవి చేసిన రోజు మామయ్యకు రెండే పెట్టాను. "రెండేనామ్మా?" అన్నారు. "రెండే మామయ్యా, కానీ ఇవి మీరు ఎవరికీ దాచుకోకుండా తినొచ్చు" అన్నాను. తినకముందు 128 ఉంది, రెండు గంటలకు 157 వచ్చింది. ఒక్కొక్కరి ఒంటి తీరు ఒక్కోలా ఉంటుంది గనుక మీ ఇంట్లో కూడా ముందూ తర్వాతా చూసుకోండి. ఆ 157 అంకెను మా చిన్నది తన చేత్తో పలక మీద రాసి, పక్కన ఒక బిస్కట్ బొమ్మ గీసింది.

ఇప్పుడు మా ఇంట్లో పుట్టినరోజుకి ఒకే డబ్బా, అందరికీ అవే బిస్కట్లు. తాత అరుగు మీద కాదు, పిల్లల మధ్యే కూర్చుంటున్నారు. అత్తమ్మ మాత్రం డబ్బా తాళంచెవి తన కొంగుకే ముడేసుకున్నారు, అది వేరే సంగతి!

మీరూ చేసి చూడండి. వచ్చే వారం మరో కబురుతో కలుసుకుందాం.