జంట ఆట తక్కువదా?

ఒంటరిగా గెలిచినవారే వీరులనీ, జంటగా ఆడువారు రెండవ పంక్తివారనీ మనలో ఒక అభిప్రాయం పాతుకొనియున్నది. హైదరాబాదున పెరిగిన సానియా మీర్జా జీవితమే దీనికి సమాధానం.

2005లో ఆ నగరముననే సింగిల్స్ టైటిల్ గెలిచి, డబ్ల్యూటీఏ సింగిల్స్ విజేత అయిన తొలి భారతీయ మహిళగా ఆమె నిలిచినది. 2007లో 27వ స్థానానికి ఎదిగినది. పిదప మణికట్టు గాయం, మోకాలి నొప్పి వేధింపగా 2013 నాటికి సింగిల్స్ విడిచి డబుల్స్‌నే నమ్ముకొన్నది. దానిని వెనుకంజ అనవచ్చునా? 2015లో డబుల్స్‌లో ప్రపంచ ప్రథమస్థానం ఆమెదే. మార్టినా హింగిస్‌తో కూడి ఆ యేడే వింబుల్డన్, యు.ఎస్. ఓపెన్, మరుసటి యేడు ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచినది. మిశ్రమ డబుల్స్‌తో కలిపి గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు 6. 2018లో తల్లియై, 2020లో హోబార్టున మరల నెగ్గి, 2023లో విరమించినది.

లోతు తగ్గినచోట తెడ్డు వదలి గెడ పట్టిన కొల్లేటి దోనెవానిని చేతకానివాడని ఎవరందురు? దరి చేరుటే వాని నేర్పు. ఏలూరులోనో, తాడేపల్లిగూడెంలోనో రాకెట్టు పట్టిన పిల్ల ఒక్క దెబ్బకు తడబడగానే “ఇక చాలు, చదువు చూసుకో” అనుట పెద్దలకు పరిపాటి. ఆట మానుటకూ, ఆట మార్చుకొనుటకూ చాల భేదమున్నది. ఆ భేదం తెలిసికొనుటకు పిల్లకు కొంత గడువీయుట పెద్దల ధర్మం.