బిడ్డను చూడడం ఒకరి దయ కాదు

ఆరేళ్ల కిందట గురజాల దగ్గర ఒక ఊళ్లో జరిగిన పంచాయితీలో నేనూ కూర్చున్నాను. ఆమె కేసు వాపసు తీసుకోవాలి, అతను కట్నం కింద ఇచ్చిన పొలం తిరిగి రాయాలి. అదీ తీర్పు. నాలుగేళ్ల పిల్లాడు తండ్రి దగ్గరే ఉంటాడని, 'తల్లి ఎప్పుడన్నా వచ్చి చూసిపోవచ్చు' అని చివర్లో ఒక ముక్క రాశారు. పొలం వచ్చింది కదా, గెలిచామనుకున్నాం. ఆ కాగితం మీద సాక్షి సంతకం నాది.

ఆమె బిడ్డ కోసం నాలుగుసార్లు వెళ్లింది. మొదటిసారి పిల్లాడు నిద్రపోతున్నాడన్నారు. రెండోసారి ఊళ్లో లేడన్నారు. మూడోసారి గుమ్మంలోనే తిట్టి పంపారు. నాలుగోసారి పిల్లాడు కనిపించాడు గానీ దగ్గరకు రాలేదు. ఏ రోజు, ఎన్ని గంటలు, ఎక్కడ, ఎవరు తీసుకొచ్చి అప్పగించాలి అన్నవి ఆ కాగితంలో ఒక్కటీ లేవు. రాయించాలని నాకు తోచలేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

పల్నాడులో పెద్దమనుషులు పొలం గట్టు తగాదా తీర్చినట్టే బిడ్డ తగాదా తీరుస్తారు. బిడ్డ ఏ ఇంటి పేరువాడో ఆ ఇంటికే అంటారు. కక్షలున్న ఊళ్లలో పుట్టింటివారిది ఒక పార్టీ, అత్తింటివారిది మరో పార్టీ అయితే, బిడ్డను చూడడానికి ఆ బజారులో అడుగు పెట్టడమే ఆ తల్లికి గండం. 'వచ్చి చూసిపోవచ్చు' అని రాసిన పెద్దలకు ఈ సంగతి తెలియదా?

చట్టం ఇంతకంటే మేలు. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం సహజ సంరక్షకుడిగా తండ్రిని ముందు పెట్టింది, నిజమే. కానీ అయిదేళ్ల లోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని ఆ చట్టమే చెప్పింది. అన్నిటికంటే బిడ్డ సంక్షేమమే ముఖ్యమనీ చెప్పింది. తండ్రి బతికుండగా కూడా తల్లి సంరక్షకురాలు కావచ్చని 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. బిడ్డలు తల్లిదండ్రుల ఆస్తి కారని 1973లోనే రోజీ జాకబ్ కేసులో అన్నది. పెద్దమనుషుల కాగితం కోర్టు చేతులు కట్టెయ్యలేదు.

చిక్కల్లా దారిలోనే ఉంది. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద, బిడ్డ మామూలుగా ఉండే చోటి జిల్లా కోర్టుకు గానీ ఫ్యామిలీ కోర్టుకు గానీ పోవాలి. బిడ్డను హైదరాబాదు తీసుకుపోయి బడిలో వేసి స్థిరపడిపోతే, మాచర్లలో మిరపకోతకు పోయే తల్లి వాయిదా వాయిదాకీ అక్కడికి వెళ్లాలి. కూలీ పోతుంది, బస్సు చార్జీ అవుతుంది. కానీ హింస జరిగిన కేసుల్లో 2005 గృహహింస చట్టం ఉంది. ఆమె తలదాచుకున్న చోటే మేజిస్ట్రేటు దగ్గర కేసు వెయ్యవచ్చు. ఆ కేసులో 21వ సెక్షను కింద బిడ్డను తాత్కాలికంగా తనకు అప్పగించమని అడగవచ్చు. వకీలు ఫీజు భయం అక్కర్లేదు. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకూ పిల్లలకూ ఆదాయంతో పని లేకుండా ఉచిత సహాయం హక్కు. 15100కు ఫోను చేసినా దారి చెబుతారు. ఈ సంగతులు మనం ఎంతమందికి చెప్పాం?

ఇప్పుడు మనలో మనం మాట్లాడుకోవలసిన మాట. బిడ్డ తల్లి దగ్గర ఉన్నప్పుడు తండ్రి చూస్తానంటే 'ముందు మనోవర్తి కట్టమను' అని మనమే అంటాం. మనోవర్తి బాకీ వసూలుకు వేరే దారి ఉంది. బిడ్డను తాకట్టు పెడితే పెద్దమనుషులకూ మనకూ తేడా ఏముంది? తల్లిదండ్రులిద్దరి ప్రేమా బిడ్డ హక్కని, ఎదురుగా కలవలేకపోతే వీడియో కాల్ అయినా ఉండాలని 2020లో యశితా సాహు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే కొట్టేవాడికి కూడా బిడ్డను పంపాలా అని అడుగుతారు. పంపనక్కర్లేదు. చూడనిస్తే బిడ్డకు హాని అనుకుంటే మేజిస్ట్రేటు నిరాకరించాలని అదే 21వ సెక్షను చెబుతోంది. ఆ హానిని రుజువు చేసే పని మనది. ఆస్పత్రి కాగితం, బడి పంతులమ్మ మాట, ఇరుగుపొరుగు సాక్ష్యం మనమే పోగుచెయ్యాలి.

2022లో నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా వచ్చింది. కొత్త జిల్లాలో మనం అడగవలసింది పెద్ద కోరికేమీ కాదు. ముద్దాయిల మధ్య, వకీళ్ల బల్లల పక్కన కాకుండా బిడ్డ భయపడకుండా తల్లిని గానీ తండ్రిని గానీ కలిసే ఒక గది కావాలి. పక్కన ఒక ఉద్యోగిని ఉండాలి, వచ్చిన రోజూ రాని రోజూ రాసే రిజిస్టరు ఉండాలి. నరసరావుపేట, గురజాల, మాచర్ల మూడు చోట్లా ఉండాలి.

అది వచ్చేదాకా ఒక్క పని మన చేతుల్లో ఉంది. రోజు, గంట, చోటు, తీసుకొచ్చే మనిషి పేరు లేని ఏ రాజీ కాగితం మీదా మనం సంతకం పెట్టొద్దు. నేనిక పెట్టను.