చెవి వెనుక బిళ్ళ

చెవి వెనుక చిన్న యంత్రము, తలకు అంటుకొన్న గుండ్రని బిళ్ళ ఉన్న పిల్లలను మన కోనసీమ గ్రామములలో మీలో కొందరు చూచియుందురు. అది కాక్లియర్ ఇంప్లాంటు. 2007లో ఆరంభమై, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న ఆరోగ్యశ్రీ వలన పేద బిడ్డలకు కూడ ఈ ఆపరేషన్ అందినది. అయితే లక్షల ఖరీదు వస్తువు పాడగునని బీరువాలో దాచి, ఆదివారము మాత్రమే తగిలించు తలిదండ్రులున్నారు. ఆపరేషన్ అయినది గదా, లోపలిది ఎలాగూ పనిచేస్తుందని వారి నమ్మకము. లోపలి భాగములో అసలు బ్యాటరీయే లేదు!

గుండెకు అమర్చు పేస్‌మేకరులో బ్యాటరీ లోపలే ఉంటుంది. కొన్ని ఏండ్లకు అది అయిపోతే మరల కోసి మార్చవలెను. రెండేండ్ల బిడ్డ జీవితాంతము వాడు పరికరమునకు అది కుదరదు. తీగను చర్మము గుండా బయటికి తెస్తే ఆ రంధ్రములో చీము పట్టవచ్చును. అందుచేత బయటి బిళ్ళలో ఒక తీగచుట్ట, చర్మము క్రింద మరొకటి పెడతారు. బయటి చుట్టలో వేగముగా అటునిటు మారు కరెంటు, అయస్కాంత ప్రభావముచేత లోపలి చుట్టలో కరెంటు పుట్టిస్తుంది. శబ్ద సమాచారమును కూడ ఆ దారినే పంపుతారు.

ముల్లు త్రిప్పి రేడియోలో విజయవాడ కేంద్రమును పట్టినట్లు, లోపలి చుట్టకు కెపాసిటరు జతచేసి బయటి తరంగముతో శ్రుతి కలుపుతారు. వచ్చిన కరెంటును డయోడ్లు ఒకే దిక్కుకు త్రిప్పుతాయి, రెగ్యులేటరు వోల్టేజిని నిలుపుతుంది. ఇంతవరకు పాఠ్యపుస్తకమే. చిక్కంతా బిడ్డ పరుగెత్తినప్పుడు! బిళ్ళ కొంచెము జరిగితే అందు శక్తి తగ్గి మాట తెగుతుంది. బాగుగా అతుక్కొంటే అవసరమునకు మించి వచ్చి, మిగులు వేడిగా మారుతుంది. అమర్చిన పరికరము పైభాగము చుట్టునున్న శరీరపు వేడికంటే 2 డిగ్రీల సెల్సియస్ మించి వేడెక్కరాదని అంతర్జాతీయ ప్రమాణము. అటు కొరత, ఇటు వేడి. ఆ ఇరుకు సందులోనే సర్క్యూటు తయారు చేయవలెను. నౌకాదళమునకు టార్పెడోలు రూపొందించు విశాఖపట్నము ప్రయోగశాల, ఎన్.ఎస్.టి.ఎల్., దేశీయ కాక్లియర్ ఇంప్లాంటు పనికి కూడ పూనుకొన్నదని తెలిసి మేము ఎంతో సంతోషించితిమి.

కనుక బిళ్ళ తీసిన క్షణమే బిడ్డకు వినికిడి ఆగిపోతుంది. మాట నేర్చు వయసులో దానిని పెట్టెలో దాచిన ప్రతి దినము ఆ బిడ్డకు నష్టమే. మేలుకొని ఉన్నంతసేపు తగిలించి ఉంచండి. మన ఉక్కపోతకు చెమట పడుతుంది గనుక రాత్రి తీసి, పొడి గుడ్డతో తుడిచి, తేమ పీల్చు మందుబిళ్ళలున్న డబ్బాలో పెట్టండి. లోపల అయస్కాంతముండును గనుక ఎం.ఆర్.ఐ. తీయించవలసి వస్తే ముందుగా డాక్టరుగారికి చెప్పండి. కాలువలో స్నానమునకు బిళ్ళ తీసి దిగిన బిడ్డకు గట్టు మీదినుండి ఎంత కేక వేసినను వినబడదు. ఎవరైనా పెద్దవారు చేతికందునంత దగ్గరలో ఉండండి.