పాత కెమెరా కొనండి, 'పాత లుక్' కాదు

ఫెస్ట్ దగ్గర పడిందంటే ఫొటోగ్రఫీ మీద ఇష్టమున్న జూనియర్‌ని మనం అడిగే మొదటి ప్రశ్న: "నీ దగ్గర ఏ కెమెరా ఉంది?" ఇప్పటిదాకా ఏం తీశావ్, ఒకటి చూపించు అని అడిగేవాళ్ళు తక్కువ. కెమెరా లేదంటే వాడు కుర్చీలు సర్దే టీమ్‌లోకి పోతాడు. ఉన్నవాడు స్టేజి ముందుకి వస్తాడు. ఈ గేటు దాటడానికే చాలామంది ఇంట్లో పోరుపెట్టి ఈఎంఐ మీద కొత్త మిర్రర్‌లెస్ కొనిపించుకుంటున్నారు. ఫెస్ట్ మూడు రోజుల్లో అయిపోతుంది, ఈఎంఐ మాత్రం నాన్న నెలనెలా కడుతూనే ఉంటారు.

నా మాట సూటిగా చెప్పేస్తా. నేర్చుకునే స్టూడెంట్‌కి పదేళ్ళు దాటిన డీఎస్‌ఎల్‌ఆర్, దానికో పాత 50 ఎంఎం లెన్స్ చాలు. అయితే పాత వస్తువు మనకి పనికొచ్చేది అది చవక కాబట్టి, అన్నీ మన చేత్తో తిప్పనిస్తుంది కాబట్టి. దాన్ని 'వింటేజ్' అని నెత్తిన పెట్టుకున్న రోజు రేటు పెరుగుతుంది, గేటు మళ్ళీ మూసుకుంటుంది.

ముందు చవక సంగతి. 2018లో నికాన్ జెడ్ సిరీస్, కానన్ ఆర్ సిరీస్ వచ్చాక పెళ్ళి ఫొటోగ్రాఫర్లు ఒక్కొక్కరే మిర్రర్‌లెస్‌కి మారుతూ వచ్చారు. వాళ్ళు వదిలేసిన డీఎస్‌ఎల్‌ఆర్‌లే ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతున్నాయి. ఉదాహరణకి నికాన్ డీ7000 తీసుకోండి. 2010లో వచ్చింది, 16 మెగాపిక్సెల్స్. దాని ఫొటో వెడల్పు 4928 పిక్సెల్స్. 18 అంగుళాల ఆల్బమ్ పేజీ మీద పరిస్తే అంగుళానికి 270కి పైగానే వస్తాయి. అంటే పెళ్ళి ఆల్బమ్‌కే సరిపోయే కెమెరా అది. మనం పెట్టేది ఇన్‌స్టాలో! అప్పుడు కాంతి పడిన తీరే ఇప్పుడూ పడుతుంది, ఆప్టిక్స్ సూత్రాలకి ఎక్స్‌పైరీ డేట్ లేదు కదా.

ఇక లెన్స్. ఇక్కడ మన ఫిజిక్స్ పనికొస్తుంది. లెన్స్ తగిలించే మౌంట్ నుంచి సెన్సర్ దాకా ఉండే దూరం ఒక్కో కంపెనీకి ఒక్కో రకం. నికాన్ ఎఫ్ మౌంట్‌కి 46.5 మిల్లీమీటర్లు, కానన్ ఈఎఫ్‌కి 44. పాత మరతో బిగించే ఎం42 లెన్సులకి 45.46. కాబట్టి ఎం42 లెన్స్‌ని కానన్‌కి పెట్టాలంటే ఒకటిన్నర మిల్లీమీటర్ల రింగు చాలు. నికాన్‌కి పెడితే లెన్స్ సెన్సర్‌కి కావలసినంత దగ్గరికి రాదు, దూరంగా ఉన్న కొండ ఫోకస్ అవదు. మధ్యలో ఇంకో గాజు ముక్క పెట్టిన అడాప్టర్ కావాలి, దాంతో క్వాలిటీ తగ్గుతుంది. సోనీ ఈ మౌంట్‌లో ఆ దూరం 18 మాత్రమే కాబట్టి దాదాపు ఏ పాత లెన్సయినా పట్టేస్తుంది. ఈ ఒక్క లెక్క తెలిస్తే "అన్నిటికీ సెట్ అవుతుంది తమ్ముడూ" అనే అమ్మకందారు మాట ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది. అలాగే నికాన్ పాత ఏఎఫ్-డీ లెన్సులు డీ90, డీ7000 మీద ఆటోఫోకస్ అవుతాయి, డీ3100 లాంటి వాటి మీద అవ్వవు. ఆ చిన్న బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు. కొనేముందు ఇది చూస్కోకపోతే కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ అవుతుంది.

ఇప్పుడు నాకు నచ్చని సంగతి. 2005-10 మధ్య నాటి చిన్న డిజిటల్ కెమెరాలకి ఈమధ్య ఎక్కడలేని గిరాకీ. "సీసీడీ సెన్సర్, ఆ కలర్సే వేరు బ్రో" అంటారు. నిజానికి రంగులు సెన్సర్ రకం కన్నా దాని మీదుండే రంగు ఫిల్టర్ల మీద, కెమెరా లోపలి ప్రాసెసింగ్ మీద ఎక్కువ ఆధారపడతాయి. ఆ 'లుక్'లో సగం ముఖం మీదకి సూటిగా కొట్టిన ఫ్లాష్‌దే. అది ఫోన్‌తోనూ కొట్టొచ్చు. పైగా కొన్ని మోడల్స్‌కి ఎక్స్‌డీ కార్డు కావాలి, అది తయారవడమే ఆగిపోయింది. ఇంకా పాతవి కొన్ని 2 జీబీ దాటిన ఎస్‌డీ కార్డుని చదవవు. వీటిలో చాలావాటికి షట్టర్ స్పీడ్ మన చేతిలో ఉండదు. మరి నేర్చుకునేదేంటి? హీలియోస్ 44-2 సంగతీ అంతే. ఒకప్పుడు సోవియట్ జెనిత్ కెమెరాతో పాటు వచ్చిన మామూలు లెన్స్. వెనక ఆకులు సుడి తిరిగినట్టు కనిపిస్తాయని రీల్స్‌లో ఎక్కేసరికి దానికీ డిమాండ్. లెన్స్ మంచిదే, కానీ సుడి కోసం డబ్బు పోయడం వేరు.

ఫిల్మ్ మీద నాకు కోపం లేదు. కానీ లెక్క వేద్దాం. కలర్ రోల్, డెవలపింగ్, స్కానింగ్ కలిపితే వెయ్యి రూపాయలు దాటడం మామూలే. 36 ఫొటోలకి పంచితే ఒక్కోటి సుమారు 28 రూపాయలు. మెస్ బిల్లు చూసి కళ్ళు తిరిగేవాళ్ళకి ఇది చిన్న మొత్తం కాదు. ఆలోచించి నొక్కడం అలవాటవ్వాలంటే డీఎస్‌ఎల్‌ఆర్‌లోనే ఈరోజు 36కి మించి తియ్యను అని పెట్టుకోవచ్చు. తప్పు ఎక్కడ జరిగిందో స్క్రీన్ మీద అప్పుడే కనిపిస్తుంది కూడా. ఇంట్లో అటక మీద యాషికా ఎంఎఫ్-2, కొడాక్ కేబీ10 లాంటివి దొరికితే సరదాగా ఒక రోల్ వాడండి, తప్పులేదు. ముందు వెనక తలుపు దగ్గరి నల్ల స్పాంజ్ పొడి అయిందేమో చూడండి, అయితే వెలుగు లోపలికి కారుతుంది. ఇంకో మాట, ముఖ్యంగా ఈసీఈ వాళ్ళకి: ఫ్లాష్ ఉన్న కెమెరాని స్క్రూడ్రైవర్‌తో విప్పకండి. లోపలి కెపాసిటర్‌లో 300 వోల్టుల దాకా చార్జ్ ఉంటుంది, బ్యాటరీ తీసేసినా కొంతకాలం అలాగే నిలుస్తుంది.

సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు మొహమాటం వద్దు. "అన్నా, పది నిమిషాలు చూస్కుంటా" అని చేతిలోకి తీసుకోండి. లెన్స్ విప్పి వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి చూడండి. సాలెగూడు లాంటి దారాలు కనిపిస్తే అది ఫంగస్. సముద్రపు తేమ ఉన్న ఊళ్ళలో వాడిన లెన్సుల్లో మరీ జాగ్రత్త. ముదిరితే గాజు మీది కోటింగ్‌ని తినేస్తుంది, తుడిచినా మచ్చ పోదు. అపెర్చర్‌ని ఎఫ్ 16కి పెట్టి తెల్ల గోడని తీస్తే సెన్సర్ మీది దుమ్ము చుక్కలు చుక్కలుగా బయటపడుతుంది. నికాన్ అయితే ఫొటో ఫైల్‌లోనే షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో నమోదై ఉంటుంది. డీ7000 షట్టర్‌ని కంపెనీ లక్షన్నర సార్లకి పరీక్షించింది. పెళ్ళిళ్ళు తిరిగిన బాడీ అయితే ఆ అంకె తప్పక అడగండి. బిల్లు, సీరియల్ నంబర్ సరిపోలకపోతే ఎంత చవకైనా వదిలేయండి, దొంగ సరుకు మనకెందుకు?

"మంచి ఫోన్ ఉండగా ఇదంతా అవసరమా?" అని అడిగేవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్నే. ఫ్రెండ్స్ గ్రూప్ ఫొటోకి ఫోనే మేలు. కానీ ఫోన్ చాలా నిర్ణయాలు మనకి చెప్పకుండానే తీసేసుకుంటుంది. పాత లెన్స్ మీద అపెర్చర్ రింగుని ఒక్కో క్లిక్ తిప్పుతుంటే వెలుగు సగం సగం తగ్గడం, వెనకున్నవి తేటపడటం మన కళ్ళతో చూస్తాం. క్లాసులో రెండు పీరియడ్లు విన్నా ఎక్కనిది అక్కడ పది నిమిషాల్లో ఎక్కుతుంది.

అందుకే మన ఫొటోగ్రఫీ క్లబ్ వాళ్ళకి ఒక సూచన. ఈసారి ఫెస్ట్ ఫండ్‌లో కొంత పక్కన పెట్టి ఒక పాత డీఎస్‌ఎల్‌ఆర్, రెండు లెన్సులు కొనండి. సిలికా జెల్ వేసిన గట్టి మూత డబ్బాలో పెట్టండి, లేకపోతే వానాకాలంలో బీరువాలోనే బూజు పడుతుంది. లైబ్రరీ పుస్తకంలా రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకుని రెండేసి రోజులు ఇవ్వండి. మొదటి వంతు కెమెరా లేని ఫస్టియర్ వాళ్ళది. వాళ్ళు తిరిగి ఇచ్చేటప్పుడు "ఏం తీశావ్, చూపించు" అని అడుగుదాం.