ఢిల్లీ వీధి దుకాణాలకు గడువుల గండం

దేశ రాజధానిలోని అనధికార కాలనీలు, పట్టణ గ్రామాల్లో ఉన్న ఇళ్లను, దుకాణాలను కూల్చివేత నుంచి, సీలింగ్ నుంచి కాపాడుతున్న ప్రత్యేక చట్టం గడువు 2026 డిసెంబరు 31. 2006లో ఒక్క ఏడాది కోసమని తెచ్చిన చట్టమిది. రూపం మారుతూ, గడువు పెరుగుతూ రెండు దశాబ్దాలు గడిచాయి. పొడిగింపు వచ్చిన ప్రతిసారీ ఊరట దక్కుతోందే తప్ప, ఈ వీధుల్లో చిల్లర వ్యాపారానికి స్థిరత్వం దక్కడం లేదు.

1962 నాటి తొలి మాస్టర్ ప్లాన్ నివాసానికి ఒక చోటు, వ్యాపారానికి మరొక చోటు అని గీత గీసింది. ప్రణాళికలో చూపిన మార్కెట్లు అవసరానికి సరిపడా రాలేదు, జనం మాత్రం అంచనాలకు మించి వచ్చారు. ఇళ్ల కింది అంతస్తులే అంగళ్లయ్యాయి. 2006 ఫిబ్రవరి 16న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంతో సీలింగ్ ఊపందుకుంది. అదే ఏడాది సెప్టెంబరులో సీలంపూర్‌లో నిరసన హింసాత్మకంగా మారి ప్రాణాలు పోయాయి. ఆ ఒత్తిడిలోనే రెండు వేలకు పైగా వీధులను వాణిజ్య, మిశ్రమ వినియోగానికి నోటిఫై చేశారు. 2007 ఫిబ్రవరిలో వెలువడిన మాస్టర్ ప్లాన్-2021 ఆ ఏర్పాటుకు నియమావళిని సమకూర్చింది.

ఆ నియమావళిలో అంగడి భవితవ్యాన్ని తేల్చేది ప్రధానంగా రోడ్డు వెడల్పు, కాలనీ తరగతి. సి, డి తరగతుల సాధారణ నివాస కాలనీల్లో రోడ్డు కనీసం 18 మీటర్లు, ఇ, ఎఫ్, జి తరగతుల్లో 13.5 మీటర్లు ఉంటేనే మిశ్రమ వినియోగానికి అర్హత. కిరాణా, కూరగాయలు, దర్జీ పని, క్షౌరశాల, పిండిమర వంటి నిత్యావసరాల విషయంలో 20 చదరపు మీటర్ల లోపు దుకాణాలకు మినహాయింపు ఉంది. ఇది విజ్ఞతతో కూడిన నిబంధన. అయితే అంతకంటే కాస్త పెద్ద దుకాణం పెట్టిన వ్యాపారి పరిస్థితి వేరు. ఒకే సరుకు, ఒకే పెట్టుబడి. పెద్ద రోడ్డు మీద సక్రమమైన వ్యాపారం, పక్క సందులోకి తిరిగితే నేరం.

వీధి నోటిఫై కాగానే లాభం ముందుగా చేరేది స్థల యజమానికి. నిన్నటి వరకు నివాసపు అద్దె పలికిన కింది అంతస్తు వాణిజ్యపు అద్దె పలుకుతుంది. మార్పిడి రుసుం యజమాని గానీ వాడుకదారు గానీ చెల్లించవచ్చు. బేరమాడే శక్తి లేని అద్దెదారు మీదకే ఆ భారం జారడం సహజం. అంత అద్దె భరించలేని చిన్న అంగడి తప్పుకుంటే ఆ చోటికి షోరూమో, రెస్టారెంటో వస్తుంది. కింది అంతస్తులో కాపురముండే కుటుంబానికి మరో ఇల్లు వెతుక్కోక తప్పదు. వ్యాపారానికి వెసులుబాటు పేరిట తెచ్చిన మార్పు ఇలా నివాసపు అద్దెలనూ తాకుతుంది. హౌజ్ ఖాస్, షాపూర్ జాట్ వంటి పట్టణ గ్రామాలు బొటిక్‌ల, భోజనశాలల వాడలుగా మారిన తీరు ఇందుకు కళ్లెదుటి ఉదాహరణ.

2019లో కేంద్రం పీఎం-ఉదయ్ పథకం ద్వారా 1,731 అనధికార కాలనీల్లో యాజమాన్య హక్కులు కల్పించేందుకు పూనుకుంది. మేలైన చర్యే. జీపీఏ, అమ్మకపు ఒప్పందం వంటి పత్రాలున్నవారికి అది వరం. ఆ ఇంటి ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకున్న అద్దెదారుకు చూపడానికి అలాంటి కాగితమేదీ ఉండదు.

2017 డిసెంబరులో సీలింగ్ మళ్లీ మొదలైంది. 2018లో నిబంధనల సడలింపునకు ఢిల్లీ అభివృద్ధి సంస్థ (డీడీఏ) సిద్ధపడగా సుప్రీంకోర్టు మార్చిలో నిలిపివేసింది. తర్వాత మార్పులతో అవి అమల్లోకి వచ్చాయి. మాస్టర్ ప్లాన్-2041 ముసాయిదాకు 2023 ఫిబ్రవరిలో డీడీఏ ఆమోదముద్ర వేసి కేంద్రానికి పంపింది.

కొత్త ప్రణాళికలో అనుమతించే అంతస్తులెన్ని అన్నదాని మీదే చర్చ నడిస్తే అసలు లెక్క మరుగున పడుతుంది. మార్పిడి రుసుములను ప్రత్యేక ఖాతాలో ఉంచి ఆ ప్రాంతాల పార్కింగుకు, సదుపాయాలకు వెచ్చించాలని పాత ప్రణాళికే నిర్దేశించింది. ఏ వీధి నుంచి ఎంత వసూలైంది, అక్కడ ఎంత ఖర్చయింది అన్న వివరాలను వార్డుల వారీగా ప్రజల ముందుంచాలి. నోటిఫై చేసే వీధుల్లో ఇప్పటికే ఉన్న అద్దెదారులకు కొంతకాలమైనా అద్దె పెంపుపై పరిమితి విధించే అవకాశాన్నీ పరిశీలించాలి. ఆ పని గడువుకు ముందే జరగాలి. వీధి నోటిఫై అయ్యాక పాత అద్దెదారును తిరిగి తీసుకురావడం ఏ కార్పొరేషన్‌ చేతిలోనూ లేదు.