ఎవరిని ఎందరు తలచారు?

మొన్న ఆదివారం ప్రొద్దున్నే పాత శిష్యురాలొకామె మా యింటికి వచ్చింది. డిగ్రీలో నా దగ్గర తెలుగు చదువుకొని, ఆపైన సైన్సులోకి వెళ్లి, ఇప్పుడు మెదడులోని నాడీకణాల అల్లికను గూర్చి పరిశోధన చేస్తూన్నది. ఉద్యోగానికి పెట్టుకుంటూన్న దరఖాస్తును నాకు చూపించింది. పేరు క్రింద మూడు అంకెలున్నాయి: వ్యాసాలు 11, సైటేషన్లు 94, హెచ్-ఇండెక్సు 5.

"ఇదేమిటమ్మా, జాతకచక్రంలాగున్నదే!" అన్నాను.

"జాతకమే మాస్టారూ! వ్యాసాలు చదివే తీరిక కమిటీవారికి ఎక్కడిది? ఈ మూడంకెలే చూస్తారు," అన్నది. నవ్వుతూనే అన్నది గాని, ఆ నవ్వులో తడి లేదు.

సైటేషను అంటే మరేమీ కాదు. ఒకరు వ్రాసినదాన్ని మరొకరు తమ వ్యాసంలో పేరు పెట్టి తలచుకోవడం. ఎవరిని ఎవరు తలచారో వెదకడానికి వీలుగా అమెరికాలో యూజీన్ గార్ఫీల్డు 1960ల్లో ఒక పెద్ద సూచిక ప్రారంభించాడు. దారి చూపడానికి పుట్టిన ఆ సూచిక క్రమంగా మనుషులను తూచే త్రాసయింది. 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు దానికి హెచ్-ఇండెక్సనే తూకపురాయి చేకూర్చాడు. ఒక్కొక్కటీ అయిదుసార్లకు తగ్గకుండా తలచబడిన వ్యాసాలు అయిదుంటే, ఆ మనిషి అంకె 5 అన్నమాట.

తలచుకోవడం మనకు క్రొత్తదా? మెదకుసీమలోని కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి, మూలం లేనిదే ఏదీ వ్రాయనని ప్రతిజ్ఞ పట్టి, తన వ్యాఖ్యలలో అడుగడుగునా అమరసింహుణ్ణి తలచాడు. ఇక అమరసింహుని హెచ్-ఇండెక్సు ఎంతనుకున్నారు? అక్షరాలా 1! మనకు దక్కిన ఆయన గ్రంథం అమరకోశం ఒక్కటే గదా! ఎన్ని వేలమంది తలచినా ఆ అంకె పెరగదు. నేటి కమిటీ ముందు నిలబడితే ఆయనకు ఇంటర్వ్యూకైనా పిలుపు రాదు.

ఆ అమ్మాయి శాస్త్రంలోనే ఇటువంటి కథ ఒకటున్నది. 302 నాడీకణాలున్న ఒక చిన్న పురుగును సన్నని పొరలుగా కోసి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో ఫోటోలు తీసి, ఏ కణం దేనితో కలుస్తుందో కేంబ్రిడ్జిలో ఏళ్లతరబడి గుర్తించారు. వైట్, సౌత్‌గేట్, థామ్సన్, బ్రెన్నర్ అనే నలుగురు 1986లో దాన్ని 340 పుటల వ్యాసంగా ప్రకటించారు. 1998లో వాట్స్, స్ట్రోగాట్జ్ అనే ఇద్దరు ఆ పురుగు అల్లికను కూడా ఉదాహరణగా తీసుకొని మూడు పుటల వ్యాసం వ్రాశారు. అది గొప్ప ఆలోచనే, సందేహం లేదు. కాని సైటేషన్లలో ఈ మూడు పుటలు ఆ 340 పుటలను ఎన్నోరెట్లు దాటిపోయాయి. పురుగు నరాలను చేతితో ఒక్కొక్కటే గుర్తించిన ఐలీన్ సౌత్‌గేట్ ఓపికను ఏ అంకె చెబుతుంది?

పైగా తలచేవారికీ పక్షపాతాలుంటాయి. మెదడు అల్లికల శాస్త్రంలో పేరుగన్న బాసెట్, వారి సహచరులు 2020లో అయిదు ప్రముఖ నాడీశాస్త్ర పత్రికల వ్యాసాలను పరీక్షించారు. మొదటి రచయిత, చివరి రచయిత ఇద్దరూ పురుషులైన వ్యాసాలను ఉండవలసినదానికంటే ఎక్కువగానూ, స్త్రీలు ముందుండి వ్రాసినవాటిని తక్కువగానూ తలుస్తున్నారని తేలింది. ఇందుకు ముఖ్యకారణం పురుషులు తయారుచేసే జాబితాలేనట.

ఇదంతా విని, "అయితే అంకెలు తీసేయమంటారా మాస్టారూ?" అన్నది.

"వద్దమ్మా, అడిగినవి ఇవ్వవలసిందే. కాని ఈ పదకొండింటిలో నీకు గర్వం కలిగించేది ఏది?"

క్షణం కూడా ఆలోచించకుండా చూపించింది. దాన్ని ఇంతవరకు తలచినవారు ఇద్దరే.

"దీన్ని మొదట పెట్టు. ఇందులో ఏమి కనుగొన్నావో నాలుగు వాక్యాల్లో వ్రాయి. అంకెలు దాని క్రిందకు పోనీ," అన్నాను. ఆ నాలుగు వాక్యాలూ కుదిరేసరికి కాఫీలు రెండుసార్లయినాయి.

ఉద్యోగం సంగతి ఇంకా తేలలేదు. ఆ వ్యాసం మాత్రం నేను చదివాను. తెలుగు మాస్టారుకు సగమే అర్థమయింది. కమిటీలోని పెద్దలలో ఒక్కరైనా మిగతా సగం చదివితే చాలు.